పొందూరు ఖద్దరుతో నాడా సంచి

శ్రీకాకుళం నుంచి విదేశంలో కాపురం పెట్టబోయేవారు పెట్టెలో మీటరు పొందూరు ఖద్దరు పెట్టుకోండి. వాలుగ చేప దవడతో దువ్విన పత్తి నేత అది. కొత్త ఇరుగుపొరుగుకు దానితో కుట్టిన నాడా సంచికన్నా (నాడా లాగితే మూతి మూసుకునే సంచి) మంచి కానుక లేదు. కుట్టుమిషను మోయకండి: మన 230 వోల్టుల మోటారు అమెరికా 120 వోల్టులకు సరిగా తిరగదు. చేతికుట్టు చాలు.

ముందు గుడ్డను రాత్రంతా నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేయాలి. లేకపోతే తొలి ఉతుకుకే కుదించుకుపోయి కుట్టు ముడతలు పడుతుంది.

24×60 సెంటీమీటర్ల ముక్కను మంచివైపు లోపలికి వచ్చేలా పొడవును సగానికి మడిచి, పక్కలు ఒక సెంటీమీటరు లోపలికి కుట్టండి. పైన 8 సెంటీమీటర్లు వదిలేయాలి. నాడా దూరేది అక్కడే. చేతితో వడికిన నూలు పోగులు తొందరగా ఊడతాయి, అంచు చుట్టూ సూది తిప్పుతూ బిగించండి. వదిలిన చీలిక అంచుల్ని మడిచి కుట్టాక, పై అంచును ఒకటి, ఆపైన మూడు సెంటీమీటర్లు మడిచి కుట్టాలి. సంచిని మంచివైపు బయటికి తిప్పి, 60 సెంటీమీటర్ల నాడాలు రెండు, ఎదురెదురు వైపుల నుంచి పిన్నీసుతో దూర్చి ముడివేయండి.