ఇంటి రైలు - 5వ పాఠం: వానలు వెళ్లాక పట్టాల పని

ఇంట్లో బల్ల మీద నడిపే మన మోడల్ రైలుకు గత పాఠంలో పాయింట్లు, అంటే రైలును ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మళ్లించే భాగాలు, బిగించాం. ఈసారి కొత్తగా ఏమీ కట్టం. ఉన్న లైను మీద రైలు ఎక్కడా తడబడకుండా తిరిగేలా చూసుకుందాం. పెద్ద లైను పక్కన వేయబోయే చిన్న లైను, నౌపడ బ్రాంచి, ఎప్పుడు మొదలుపెడదామా అని ఎదురుచూస్తున్నవాళ్లకు కూడా ముందు ఈ పనే. కారణం కింద చెబుతాను.

మన విజయనగరం, శ్రీకాకుళం వైపు వానలు తగ్గాయనుకునే వేళకే తుపాన్లు మొదలవుతాయి. ఆ నెలలన్నీ పట్టాల కింది ప్లైవుడ్ చెమ్మ పీల్చి ఉబ్బుతుంది, చలికాలంలో ఆరి కుదించుకుపోతుంది. దాంతో పట్టాల అతుకులు కదులుతాయి. అందుకే ఏడాదికోసారి చేసే పెద్ద తనిఖీ డిసెంబరులో పెట్టుకోవడం మేలు. అక్టోబరులో సరిచేస్తే సంక్రాంతికి మళ్లీ చేయాల్సి రావచ్చు.

ముందు శుభ్రం చేయాలి. మొబైల్ రిపేరు సామాన్లు అమ్మే షాపుల్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరుకుతుంది. పీచు రాలని నూలుగుడ్డ దానితో తడిపి పట్టా పైభాగం తుడవండి. అది తొందరగా అంటుకునే ద్రవం. కిటికీ తెరిచి, కరెంటు తీసేసి, సోల్డరింగ్ ఐరన్ దూరంగా పెట్టాకే సీసా మూత తీయండి. గరుకు కాగితంతో మాత్రం రుద్దొద్దు, ఆ గీతల్లోనే మళ్లీ మురికి చేరుతుంది. స్టీలు పీచు అయితే ఇంకా ప్రమాదం, దాని నూగును మోటారులోని అయస్కాంతం లోపలికి లాక్కుంటుంది. చక్రాలకు కూడా అదే గుడ్డ చాలు.

శుభ్రం చేశాక కూడా ఇంజిన్ ఒకేచోట నెమ్మదిస్తోందా? చాలామంది అక్కడ ఇంజిన్‌ను తిట్టుకుంటారు. తొంభై పాళ్లు తప్పు అతుకుది. ఫిష్‌ప్లేట్ అనే చిన్న లోహపు ముక్క అతుకు దగ్గర పట్టాలను కలిపి ఉంచడానికి బాగా పనికొస్తుంది కానీ, ఏళ్ల తరబడి కరెంటు మోయడానికి దాన్ని నమ్ముకోకూడదు. లోపల చెమ్మ, దుమ్ము చేరి కరెంటుకు అడ్డుపడుతుంది. దీన్ని మల్టీమీటరుతో పట్టుకోవచ్చు, అయితే ఒక మెలిక ఉంది. ఖాళీ పట్టా మీద కొలిస్తే పాడైన అతుకు దాటాక కూడా దాదాపు పూర్తి వోల్టేజీ చూపిస్తుంది. లోడు ఉండాలి. ఇంజిన్‌ను లైను చివర నడుపుతూ, కంట్రోలర్ దగ్గర ఒకసారి, ఇంజిన్ దగ్గర ఒకసారి కొలవండి. రెండింటికీ తేడా ఒక వోల్టు దాటితే నేనైతే వదిలిపెట్టను.

దీనికి మందు ఫీడర్ వైర్లు. ప్రతి పట్టా ముక్కకూ కింది నుంచి సొంతంగా ఒక వైరు సోల్డర్ చేసి, బల్ల కింద నడిచే లావు వైరుకు కలపండి. ఎడమ పట్టాకు ఒక రంగు, కుడి పట్టాకు ఇంకో రంగు. ఓపిక కావాల్సిన పనే. కానీ దీన్ని మించిన మెరుగుదల ఈ అభిరుచిలో లేదని నా గట్టి నమ్మకం. కొత్త స్టేషన్ కంటే, కొత్త ఇంజిన్ కంటే ఇదే ముందు.

అలాగని అతుకులన్నీ సోల్డర్‌తో మూసేయొద్దు. నికెల్ సిల్వర్ పట్టా మీటరు పొడవుకు 20 డిగ్రీల వేడి పెరిగితే సుమారు మిల్లీమీటరులో మూడో వంతు సాగుతుంది. మే నెలలో మేడ మీది గదిలో ఆ జాగా లేకపోతే పట్టా వంకర తిరుగుతుంది. చలికాలంలో బిగించేటప్పుడే అక్కడక్కడా సన్నని ఖాళీ వదలండి.

ఇక నౌపడ సంగతి. నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో మొదలైన చిన్న రైలు లైను వెడల్పు 762 మిల్లీమీటర్లు. టెక్కలి, పాతపట్నం మీదుగా నడిచేది. బ్రాడ్ గేజ్ చేయడానికి 2004లో ఆపేశారు. మనం వాడే హెచ్‌ఓ స్కేలు (అసలు కొలతలో 87వ వంతు, 1:87) లెక్కన అది 8.76 మిల్లీమీటర్లు అవుతుంది, అంటే బజారులో దొరికే 9 మిల్లీమీటర్ల ఎన్ గేజ్ (ఇంకా చిన్న మోడల్ రైళ్ల) పట్టా దాదాపు సరిపోయినట్టే. (మన బ్రాడ్ గేజ్‌కు ఇంత అదృష్టం లేదు. దాని 1676 మిల్లీమీటర్లకు 19.3 కావాలి, మన పట్టా మాత్రం 16.5.) అయితే చిన్న లైను ఇంజిన్ తేలిక, చక్రాలు తక్కువ. పెద్ద ఇంజిన్ దాటేసే మురికి దగ్గర అది ఆగిపోతుంది. పెద్ద లైను మీద సోల్డరింగ్ చేతికి అలవాటైతేనే ఆ సన్న పట్టాకు చక్కగా వైరు అతకగలరు.

వచ్చే పాఠానికి రెండు పనులు. లేఔట్ బొమ్మ గీసి, ప్రతి పట్టా ముక్క దగ్గరా లోడుతో వచ్చిన వోల్టేజీ రాసిపెట్టండి. పెద్ద లైను పక్కన నౌపడ ప్లాట్‌ఫారానికి ఎంత జాగా మిగులుతుందో కూడా అందులోనే గుర్తు పెట్టండి.