భయపెట్టే జ్ఞాపకం వచ్చినప్పుడు ఒంటిని కుదుటపరచడం

మనసుకి తగిలిన గాయాలకి ఒంటి ద్వారా చికిత్స చేసేందుకు అమెరికన్ థెరపిస్టు పీటర్ లెవీన్ రూపొందించిన సొమాటిక్ ఎక్స్‌పీరియెన్సింగ్‌లో జరిగిందంతా పూస గుచ్చినట్టు చెప్పాల్సిన పనిలేదు. ఒంట్లో ఏం జరుగుతోందో గమనించడమే అసలు పని.

వీపుకి ఆనుడున్న కుర్చీలో పాదాలు పూర్తిగా నేలకి ఆనేలా కూర్చోండి. కళ్లు తెరిచే ఉంచి, తల మెల్లగా తిప్పుతూ గదిలోని వస్తువులు నాలుగైదు చూడండి. తలుపు ఎటుందో కూడా చూసుకోండి. తర్వాత ఒంట్లో ఇబ్బంది లేని చోటు వెతకండి: అరచేతులో, తొడలో, చివరికి ముక్కు కొసైనా సరే. అర నిమిషం అక్కడే ధ్యాస పెట్టండి.

ఇప్పుడు 10కి 2 లేదా 3 మార్కుల చికాకు కలిగించే చిన్న సంగతి తలుచుకోండి. ఛాతీ బిగుసుకుందా, గొంతు పట్టేసిందా? అయిదారు సెకన్లు గమనించి, మళ్లీ ఆ నిమ్మళమైన చోటికి వచ్చేయండి. ఇలా మూడు నాలుగుసార్లు చాలు. ఆవులింత, చిన్న వణుకు, పొడుగాటి నిట్టూర్పు వస్తే ఆపుకోకండి. బిగువు సడలుతున్నప్పుడు అవి మామూలే.

చాలామంది చెడగొట్టుకునేది మనసుకి తగిలిన అన్నిటికంటే పెద్ద గాయంతో మొదలుపెట్టి. గబగబా గట్టిగా ఊపిరి పీల్చినా తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. నెమ్మదిగా వదలడం మీదే దృష్టి పెట్టాలి. ఒళ్లు మొద్దుబారినా, గది దూరమైపోయినట్టున్నా వెంటనే ఆపి, లేచి నిలబడి చల్లటి నీళ్లతో ముఖం కడుక్కోండి.

పెద్ద గాయాల జోలికి శిక్షణ పొందిన థెరపిస్టు లేకుండా వెళ్లొద్దు. చచ్చిపోవాలన్న ఆలోచనలొస్తే వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడతారు.