స్టేడియంలో రాక్ కచేరీకి పిల్లలతో వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

అన్నిటికంటే ముందు చెవులు. రాక్ కచేరీలో శబ్దం 100 డెసిబెల్స్ దాటడం మామూలే. ఆ మోతలో రక్షణ లేకుండా 15 నిమిషాలకు మించి ఉండటం పెద్దవాళ్లకే మంచిది కాదు. పసివాళ్లకు ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లు వద్దు, పీకి నోట్లో పెట్టుకుంటారు. చెవిని పూర్తిగా కప్పే ఇయర్‌మఫ్‌లు కొని, ఇంట్లోనే కాసేపు పెట్టి అలవాటు చేయండి. కొత్తగా అక్కడ పెడితే లాగి పారేస్తారు.

- మైదానంలో నిలబడే టికెట్లు వద్దు. స్పీకర్లకు దూరంగా, నడవా పక్కన సీట్లు తీసుకోండి.
- టికెట్లు ఇంటి దగ్గరే ఫోన్‌లోకి దించుకోండి, గేటు దగ్గర జనానికి నెట్ మొరాయిస్తుంది. బార్‌కోడ్ మారుతుండే టికెట్లకు స్క్రీన్‌షాట్ చెల్లదు.
- పిల్లల చేతిపట్టీ మీద మీ ఫోన్ నంబరు.
- తప్పిపోతే కలిసే చోటు: ‘గేటు దగ్గర’ అంటే చాలదు, ఏ గేటో నంబరుతో చెప్పండి.
- బ్యాగు కొలత, నీళ్ల సీసా గురించి స్టేడియం నిబంధనలు ముందే చూసుకోండి.