పొద్దున్నే జిమ్‌కి వెళ్లే ముందు పొట్ట సంగతి

ఐదున్నరకి ఇంట్లోంచి బయల్దేరే ముందు ఇవి చూసుకోండి.

– అరగంట నడకకో, మెల్లగా సైకిల్ తొక్కడానికో అయితే ఖాళీ కడుపు పర్వాలేదు. గ్లాసుడు నీళ్లు మాత్రం తాగాలి.

– బరువులెత్తే రోజు లెక్క వేరు. అరగంట ముందు ఒక అరటిపండు తినండి. రావులపాలెం చుట్టుపక్కల పండుకి కరువా! చక్కెరకేళి ఒలుచుకుని, బూట్ల లేసులు కట్టుకునేలోగా తినేయొచ్చు. నేనోసారి ఏమీ తినకుండా స్క్వాట్స్ (భుజాల మీద బరువుల బార్ పెట్టుకుని తీసే గుంజీలు) మొదలెట్టాను. మూడో సెట్‌లో కళ్లు బైర్లు కమ్మాయి. బార్‌ని ఎలాగో స్టాండుకి తగిలించి అక్కడే కూలబడ్డాను.

– పెసరట్టు ఉప్మా లాగించారా? రెండు మూడు గంటలు ఆగాల్సిందే.

– ఖాళీ కడుపుతో చేస్తేనే కొవ్వు కరుగుతుందని టెన్షన్ పడొద్దు. ఆ గంటలో కొవ్వు కాస్త ఎక్కువ ఖర్చవుతుంది గానీ, రోజు మొత్తం తిండి అంతే అయితే బరువులో చెప్పుకోదగ్గ తేడా రాదు.

– షుగర్‌కి ఇన్సులిన్ వాడేవాళ్లు మీటర్‌తో చూసుకోవాలి. షుగర్ 90 mg/dL కంటే తక్కువుంటే పండు తిన్నాకే మొదలెట్టాలి. ఎంత తినాలో డాక్టర్‌ని ముందే అడిగి పెట్టుకోండి.

– మన ఉక్కపోతలో చెమట ధారగా కారుతుంది, నీళ్ల సీసా మర్చిపోవద్దు.