కొత్త రీఫ్ ట్యాంకులో పాచి పట్టిందా? మందు పోసే ముందు ఇది చూడండి

రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం, పెట్టి నెల గడిచేలోపే తెల్లటి ఇసుక మీద గోధుమ రంగు పొర కనిపిస్తుంది. టెన్షన్‌లో సగం నీళ్లు మార్చేస్తాం, ఎవరో చెప్పిన మందు పోసేస్తాం. దయచేసి ఒక్క రోజు ఆగండి. పాచి అని మనం పిలిచేవాటిలో ఒకదానికి విరుగుడైనది ఇంకోదానికి బలమవుతుంది. ముందు నీటిలో పాచికి తిండైన నైట్రేట్, ఫాస్ఫేట్ కొలవండి. వేలితో రుద్ది చూడండి. తెల్లవారుజామున, లైటు వెలగకముందే టార్చి వేసి మరోసారి చూడండి.

గోధుమ రంగు పొడి, తుడిస్తే ఇట్టే పోతుంది

ఇవి డయాటమ్‌లు. నీటిలోని సిలికేట్‌తో పెంకు కట్టుకుంటాయి. కొత్త ఇసుక నుంచి వచ్చే సిలికేట్ అయిపోయాక చాలావరకు వాటంతట అవే తగ్గిపోతాయి. అద్దం తుడుస్తూ ఉండండి. అమ్మోనియా, నైట్రైట్ సున్నాకి వచ్చాక పాచి తినే ట్రోకస్ నత్తలు వేయండి.

రెండు నెలలైనా తగ్గకపోతే తప్పు నీళ్లలో ఉంది. చాలామంది వంటింటి ఆర్ఓ ఫిల్టరు నీళ్లే పోస్తారు. తాగే నీటికి రుచి ఉండాలని ఆ ఫిల్టర్లలో చాలావాటిలో ఖనిజాలు తిరిగి కలుపుతారు, అందుకే నీటిలో కరిగినవాటిని కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపించదు. రీఫ్‌కి సున్నా కావాలి, అంటే ఆర్ఓ తర్వాత, మిగిలిన ఖనిజాలనూ పట్టేసే డీఐ రెజిన్ కూడా ఉండాలి. మన ఎండాకాలంలో ఇది మరీ ముఖ్యం. ఆవిరయ్యేది నీరు మాత్రమే. రోజూ పోసే నీళ్లతో వచ్చిన సిలికేట్, ఫాస్ఫేట్ ట్యాంకులోనే పేరుకుంటాయి.

ముదురు ఎరుపు జిగురు, దుప్పటిలా ఒకే ముక్కగా లేస్తుంది

ఇది సయనోబాక్టీరియా. నీటి కదలిక తక్కువగా ఉండి తిండి మురికి చేరే మూలల్లో పడుతుంది. సైఫన్ పైపుతో పీల్చేయండి, నీటిని కదిలించే పవర్‌హెడ్‌ను ఆ మూలకు తిప్పండి, మేత తగ్గించండి. యాంటీబయాటిక్ వేయమని సలహాలు వస్తాయి. కొత్త ట్యాంకులో నేనైతే వద్దంటాను. మంచి బాక్టీరియాకూ దెబ్బ తగలవచ్చు, మూలలో మురికి మాత్రం అలాగే ఉంటుంది.

పచ్చటి వెంట్రుకలు

ఫాస్ఫేట్ ఎక్కువైందని అర్థం. టెస్టు సున్నా చూపిస్తే నమ్మకండి, ఉన్నదంతా పాచే లాగేసుకుంటూ ఉండవచ్చు. రాయి బయటికి తీసి, ట్యాంకు నీళ్లలోనే టూత్‌బ్రష్‌తో రుద్ది కడగండి. లైటు ఎనిమిది గంటలకు తగ్గించండి. ఫాస్ఫేట్ రిమూవర్ వాడితే కొద్దికొద్దిగా వాడండి. ఒక్కసారిగా సున్నాకి లాగితే కింద చెప్పబోయే కష్టాన్ని పిలిచినట్టే.

చీమిడిలాంటి గోధుమ తీగలు, వాటిలో బుడగలు. రాత్రి తగ్గి మధ్యాహ్నానికి మళ్లీ వస్తాయి

ఇవి డైనోఫ్లాజెల్లేట్‌లు. నా ట్యాంకులో వీటిని డయాటమ్‌లనుకుని వారం వారం నీళ్లు మార్చాను. మార్చిన ప్రతిసారీ ఇంకా పెరిగాయి. నత్తలు ఒక్కొక్కటే చనిపోతుంటే తట్టుకోలేకపోయాను. అప్పుడు కొలిస్తే నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా. పోటీగా పెరగాల్సిన మిగతా జీవులన్నీ ఆకలితో ఆగిపోతే, వీటికి చోటంతా దొరికింది.

పొడి రాయితో మొదలుపెట్టిన ట్యాంకుల్లో ఇది ఎక్కువ. మన దేశంలో పగడాలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది కాబట్టి సముద్రం నుంచి తీసిన పగడపు రాయి కాకుండా పొడి రాయే సరైన దారి. కానీ దాని మీద సముద్రపు సూక్ష్మజీవులు ఉండవు.

ఖాయం చేసుకోవడానికి కొంచెం జిగురును చిన్న సీసాలో గట్టిగా కుదిపి, కాఫీ ఫిల్టరు కాగితంలో వడకట్టి, ఆ నీటిని గంటసేపు లైటు కింద పెట్టండి. మళ్లీ తీగలుగా కూడితే అనుమానం అక్కర్లేదు.

ఇక్కడ వైద్యం పూర్తిగా తిరగబడుతుంది. నీళ్లు మార్చడం ఆపండి, ఫాస్ఫేట్ రిమూవర్ తీసేయండి, మేత పెంచండి. నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.05 నుంచి 0.1 పీపీఎం మధ్య నిలబడాలి. పొడి రాయి ఫాస్ఫేట్‌ను పీల్చుకుంటుంది కాబట్టి రోజూ కొలవండి. ఇవి వదిలే విషం పీల్చడానికి యాక్టివేటెడ్ కార్బన్ పెట్టండి.

వీలైతే ఇవి ఏ రకమో మైక్రోస్కోపు కింద చూడండి. నీటిబొట్టు ఆకారంలో ఉండి ఒకేచోట గిరగిర తిరిగితే ఆస్ట్రియాప్సిస్. రాత్రిపూట నీటిలోకి లేస్తుంది కాబట్టి నీటిని అతినీలలోహిత కాంతితో శుద్ధి చేసే యూవీ పరికరం బాగా పనిచేస్తుంది. ఇసుక వదలని యాంఫిడినియమ్ అయితే యూవీ డబ్బు దండగ. దానికి సిలికేట్ చుక్కలు వేసి డయాటమ్‌లను పెంచుతారు. మొదట్లో మనం తిట్టుకున్న ఆ గోధుమ పొడే ఇసుక మీద చోటు ఆక్రమించి దీన్ని నెట్టేస్తుంది.

వారాలు పడుతుంది, కొన్నిసార్లు నెలలు. అద్దం మీద లేత పచ్చ పొర మొదలైతే ట్యాంకు కోలుకుంటున్నట్టు. దాన్ని ముందు అద్దం మీద మాత్రమే తుడవండి, వెనకా పక్కలా అలాగే ఉండనివ్వండి.