నల్లజాతి కుటుంబాలకు, ఉద్యమాలకు ఆన్‌లైన్‌లో విరాళం ఇచ్చేవారు చూసుకోవలసినవి

2020 మే 25న అమెరికాలోని మినియాపోలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడు పోలీసు అధికారి చేతిలో హత్యకు గురైన కొద్ది రోజులకే, మనవాళ్ళు చాలామంది పనిచేసే ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ వంటి కంపెనీల ఉద్యోగులు, నల్లజాతివారిపై పోలీసు హింసను వ్యతిరేకించే బ్లాక్ లైవ్స్ మ్యాటర్ ఉద్యమానికి అనుకుని దాదాపు 40 లక్షల డాలర్లు విరాళంగా కేటాయించారు. ఆ సొమ్ము ఎవరి పేరున జమ కావలసి ఉందంటే, ఉద్యమంతో ఏ సంబంధమూ లేని, కాలిఫోర్నియాలో నడిచే బ్లాక్ లైవ్స్ మ్యాటర్ ఫౌండేషన్ పేరున. పోలీసులకూ ప్రజలకూ మధ్య సఖ్యత పెంచడం తన లక్ష్యమని అది చెప్పుకునేది. సంగతి బయటపడగానే విరాళాలు సేకరించే ఆన్‌లైన్ ప్లాట్‌ఫాములు చెల్లింపులను నిలిపివేయడంతో అధిక భాగం దానికి చేరలేదు గాని, దాతలు తమంతట తాము కనిపెట్టి ఆపినది మాత్రం కాదు.

కాగితాల మీద ఆ ఫౌండేషన్ పన్ను మినహాయింపు ఉన్న సంస్థే. అసలు ఉద్యమ సంస్థ అప్పట్లో థౌజండ్ కరెంట్స్ అనే మరో సంస్థ గొడుగు కింద నడిచేది కాబట్టి, రిజిస్టరైన సంస్థల జాబితాలో పేరు వెతికినవారికి ఇదే తగిలింది. అందువల్ల "రిజిస్టరైందా" అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. మీరు సాయం చేయదలచిన సంస్థ సొంత వెబ్‌సైటుకు వెళ్ళి, అక్కడ ఇచ్చిన తొమ్మిది అంకెల ఈఐఎన్ (పన్నుల కోసం సంస్థకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) నంబరును రాసుకుని, అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ వెబ్‌సైటులో పన్ను మినహాయింపు సంస్థల కోసం ఉన్న వెతుకులాట పేజీలో అదే నంబరుతో పోల్చి చూడాలి. ఊరు, చిరునామా కూడా కలవాలి. ఆ పేజీలోనే మినహాయింపు రద్దయిన సంస్థల పేర్లూ ఉంటాయి. అట్లాంటా బ్లాక్ లైవ్స్ మ్యాటర్ పేరుతో ఫేస్‌బుక్ పేజీ పెట్టి, 2020లో నాలుగున్నర లక్షల డాలర్లకు పైగా రాబట్టి, ఓహియోలోని టొలీడోలో ఇల్లు కొనుక్కున్న వ్యక్తి సంస్థకు 2019లోనే మినహాయింపు రద్దయింది. ఒక్కసారి వెతికి ఉంటే తెలిసిపోయేది. 2024లో జ్యూరీ అతణ్ణి దోషిగా తేల్చింది.

వ్యక్తిగత ఫండ్‌రైజర్ల విషయం వేరు. అంత్యక్రియలకు, ఆసుపత్రి ఖర్చులకు, కోర్టు ఖర్చులకు గోఫండ్‌మీ అనే విరాళాల వెబ్‌సైటులో పెట్టే పేజీలకు ఈఐఎన్ ఉండదు, వాటికిచ్చిన సొమ్ముకు సాధారణంగా పన్ను మినహాయింపూ రాదు. అక్కడ చూడవలసింది ఫొటో కాదు, ఫొటో కింది చిన్న అక్షరాలు: పేజీ నడిపేది ఎవరు, ఎవరి తరఫున, డబ్బు తీసుకునేది ఎవరు అన్నది. లబ్ధిదారు పేరు లేకుండా నిర్వాహకుడి పేరు మాత్రమే ఉంటే, పేజీలోనే ఉండే సందేశాల బటన్ ద్వారా "సొమ్ము కుటుంబం ఖాతాలోకి నేరుగా వెళ్తుందా" అని మర్యాదగా అడగవచ్చు. ఈ ప్రశ్న నిర్వాహకుడికే గాని, కొడుకును పోగొట్టుకున్న తల్లికి కాదు. ప్రతి విరాళం మీద రుసుము తీసుకునే ప్లాట్‌ఫాము చేయవలసిన తనిఖీని దుఃఖంలో ఉన్న కుటుంబం మీద వేయడం అన్యాయమని నా అభిప్రాయం. అన్నట్టు, చెల్లించేటప్పుడు ప్లాట్‌ఫాముకు "టిప్" అని కొంత శాతం ముందే పెట్టి ఉంటుంది. ఇష్టం లేకపోతే దాన్ని సున్నాకు జరుపుకోవచ్చు.

నల్లజాతివారిలో ఒకరినొకరు ఆదుకునే సంప్రదాయం పాతది. 1787లోనే ఫిలడెల్ఫియాలో రిచర్డ్ అలెన్, ఆబ్సలోమ్ జోన్స్ ఫ్రీ ఆఫ్రికన్ సొసైటీని స్థాపించారు. మన చీటీపాటను పోలిన సూసూ కూడా కరీబియన్, ఆఫ్రికన్ కుటుంబాల్లో తరతరాలుగా ఉంది. మోసగాళ్ళు పెట్టుబడిగా పెట్టుకునేది ఈ నమ్మకాన్నే. "బ్లెసింగ్స్ ఇన్ నో టైమ్" అనే పథకం 1,400 డాలర్ల నుంచి కట్టించుకుని 800 శాతం వరకు తిరిగి వస్తుందని నల్లజాతి కుటుంబాలకు ఆశ చూపిందంటూ 2021లో వినియోగదారుల రక్షణ చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ, ఆర్కాన్సా రాష్ట్రం కలిసి దావా వేశాయి. సూసూలో ఎవరు కట్టిన మొత్తం వారికి వంతు ప్రకారం తిరిగి వస్తుంది; కొత్తవారిని చేర్పిస్తేనే డబ్బు వస్తుందన్నచోట అది సూసూ కాదు.

చెల్లింపు వీలైనంతవరకు క్రెడిట్ కార్డుతో, పేజీ లోపలే జరగాలి. ఒకరి నుంచి మరొకరికి నేరుగా డబ్బు పంపే క్యాష్ యాప్‌కో జెల్‌కో పంపమంటే వద్దనడం మేలు, ఎందుకంటే పంపిన సొమ్మును వెనక్కి రప్పించడం చాలా కష్టం.

అనుమానం కలిగితే ముందుగా ఆ పేజీని, అప్‌డేట్లను, రసీదును, నిర్వాహకుడి జవాబులను తేదీలతో సహా స్క్రీన్‌షాట్లు తీసుకోవాలి. పేజీ మాయమయ్యాక ఆధారం దొరకదు. తర్వాత పేజీలో రిపోర్ట్ చేసి, గోఫండ్‌మీ అయితే విరాళమిచ్చిన ఏడాది లోపు రీఫండ్ కోసం క్లెయిమ్ వేయాలి. 2017లో ఫిలడెల్ఫియాలో ఒక నిరాశ్రయుడి పేరిట అల్లిన కట్టుకథకు 14,000 మందికి పైగా దాతలు 4 లక్షల డాలర్లు ఇచ్చినప్పుడు, ఆ కంపెనీ అందరికీ తిరిగి చెల్లించింది. కార్డు బ్యాంకులో వివాదం నమోదు చేయడానికి స్టేట్‌మెంటు వచ్చాక 60 రోజులే గడువు కాబట్టి, ప్లాట్‌ఫాము జవాబు కోసం కాచుకుని దాన్ని పోగొట్టుకోవద్దు.

అక్కడితో ఆగకుండా ఎఫ్‌టీసీకి, మీ రాష్ట్ర అటార్నీ జనరల్ (రాష్ట్ర ప్రభుత్వ ముఖ్య న్యాయాధికారి) కార్యాలయానికి ఫిర్యాదు పంపాలి. కాలిఫోర్నియాలో 2023 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం స్వచ్ఛంద సంస్థలకు విరాళాలు సేకరించే ప్లాట్‌ఫాములు అటార్నీ జనరల్ వద్ద నమోదు కావాలి, అనుమతి పోయిన సంస్థల పేరిట విరాళాలు అడగకూడదు. ఫిర్యాదులో మోసగాడితో పాటు ప్లాట్‌ఫామునూ ప్రస్తావించి, మీరు ఏ రోజున రిపోర్ట్ చేశారో, అది ఏ రోజున పేజీని ఆపిందో రెండు తేదీలూ పక్కపక్కన రాయండి.