తొలకరి వేళ డిటెక్టర్ పట్టేవాళ్లకు: పాత వరహాలు, పాటించాల్సిన జాగ్రత్తలు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. తిరుపతి చుట్టుపక్కల ఆ ఎండలు తగ్గి, తొలి వానకు దుక్కి దున్ని, శెనక్కాయ విత్తనం పడేలోపు కొన్ని రోజులు చేలు ఖాళీగా ఉంటాయి. మట్టి తిరగబడి ఉంటుంది, పైరు ఉండదు. మెటల్ డిటెక్టర్ సరదా ఉన్నవాళ్లకు సీజన్ అంటే అదే. కర్నూలు వైపు జొన్నగిరి చేలల్లో వజ్రాలు ఏరుకునేవాళ్లు పట్టపగలే తిరుగుతారు. మన దగ్గర గుప్తనిధుల వేట మాత్రం రాత్రిపూట, గునపాలతో, పాడుబడ్డ గుళ్లలో సాగుతుంది. అందుకే చేతిలో డిటెక్టర్ కనబడితే మనల్నీ ఆ బాపతే అనుకుంటారు. మొదటి జాగ్రత్త అక్కడే మొదలవుతుంది: పగలే వెళ్లండి, అడిగి వెళ్లండి.

పట్టాదారు చేత ఒక కాగితం రాయించుకోవాలి. సర్వే నంబరు, తేదీలు, ఏదైనా దొరికితే ప్రభుత్వానికి తెలియజేస్తామన్న మాట అందులో ఉండాలి. కౌలురైతు సరేనంటే సరిపోదు. చంద్రగిరి కోట, గుడిమల్లం గుడి లాంటి కేంద్ర పురావస్తు శాఖ స్థలాల్లో గడ్డపార వేస్తే నేరం. వాటి చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఆ హద్దులు ముఖ్యంగా కట్టడాలకు, తవ్వకాలకు పెట్టినవే అయినా, ఆ 300 మీటర్లలో నేను మెషిన్ ఆన్ కూడా చేయను. శేషాచలం అడవి వైపు అసలు పోవద్దు. ఎర్రచందనం కోసం కాపలా కాసేవాళ్లకు మీ చేతిలో ఉన్నది ఏమిటో వివరించే పరిస్థితి తెచ్చుకోకండి.

చేలో ప్రమాదాల్లో పాము అందరికీ తెలిసిందే. రక్తపింజర గట్ల మీద, రాళ్ల సందుల్లో ఉంటుంది కాబట్టి బూట్లు వేసుకోవాలి, రాయిని చేత్తో కాకుండా కర్రతో కదపాలి. కాటు పడితే కట్లు కట్టి, కోసి టైమ్ వేస్ట్ చేయకుండా నేరుగా పెద్ద ప్రభుత్వాసుపత్రికి పోవాలి. నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేవి వేరే ఉన్నాయి. ఒకటి, బోరు మోటారుకు భూమిలో వేసిన కరెంటు వైరు. రెండు, అడవిపందుల కోసం కొందరు దొంగచాటుగా లాగే కరెంటు తీగ. డిటెక్టర్ ఉన్నట్టుండి కారణం లేకుండా గరగరలాడితే దగ్గర్లో కరెంటు ఉందేమోనని ముందు అనుమానించండి. మూడోది, పందులకు పెట్టే నాటుబాంబు. గుడ్డలోనో కాగితంలోనో చుట్టిన ఉండ కనబడితే తాకకుండా వెనక్కి నడిచి రైతుకు చెప్పండి.

ఇక అసలు సంగతి. విజయనగర కాలపు బంగారు నాణెం వరహా బరువు సుమారు 3.4 గ్రాములు, చొక్కా గుండీ అంత ఉంటుంది. అందులో పదో వంతు విలువ చేసే పణమైతే కందిబద్ద అంతే. ఇంత చిన్న బంగారం మీద డిటెక్టర్ పెద్దగా కేకలు పెట్టదు. సిగరెట్ పెట్టెలోని రేకుకు, మాత్రల పట్టీకి డిటెక్టర్ తెర మీద ఏ నంబరు వస్తుందో దీనికీ దాదాపు అదే వస్తుంది. చెత్త వద్దని ఆ నంబర్లను ఆపేస్తే వరహాను కూడా ఆపేసినట్టే. నేను ఏమీ ఆపను. అందుకు మూల్యంగా నా సంచిలో ఎద్దుల లాడాలు, సోడా మూతలు, అల్యూమినియం పదిపైసలు కిలోల లెక్కన ఉన్నాయి. ఎర్రమట్టిలో ఇనుము ఎక్కువ కాబట్టి చేను మారినప్పుడల్లా గ్రౌండ్ బ్యాలెన్స్ (మట్టిలోని ఇనుముకు మెషిన్ మోగకుండా చేసే సర్దుబాటు) మళ్లీ సెట్ చేసుకోవాలి.

పసుపుపచ్చగా ఏదైనా బయటపడితే ముందు చేతులు అదుపులో పెట్టుకోండి. బొటనవేలితో రుద్దొద్దు, చింతపండు అసలే వద్దు. ఇంట్లో ఇత్తడి చెంబు తోమినట్టు తోమితే బొమ్మ అరిగిపోతుంది. నీళ్లలో ముంచి తీస్తే చాలు. గీటురాయి, యాసిడ్ కూడా వద్దు. నూరో వంతు గ్రాము చూపించే చిన్న కాటా ఉంటే మరో దారి ఉంది. నాణేన్ని దారానికి కట్టి, కాటా మీద పెట్టిన నీళ్ల గ్లాసులో గాలిలో తేలినట్టు మునగనివ్వండి, అడుగు తగలకూడదు. కాటా ఎంత పెరిగిందో చూడండి. 3.4 గ్రాముల మేలి బంగారమైతే 0.18 గ్రాముల దగ్గర, అదే బరువు ఇత్తడి అయితే 0.40 గ్రాముల దగ్గర పెరుగుతుంది. ఇంతకంటే సులువైన పరీక్ష నాకు తెలీదు.

బొమ్మలు చూస్తే కాలం తెలుస్తుంది. కృష్ణదేవరాయల వరహాల మీద బాలకృష్ణుడు ఉంటాడు, వెనక మూడు వరుసల నాగరి లిపిలో ‘శ్రీ ప్రతాప కృష్ణరాయ’ అని ఉంటుంది. గండభేరుండం ఉంటే అచ్యుతరాయలది. తోరణం కింద నిలబడ్డ వేంకటేశ్వరుడు ఉంటే చంద్రగిరి వేంకటపతి రాయలది కావచ్చు. దేవేరులతో కలిసి స్వామి ఉంటే కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) వాళ్ల మద్రాసు వరహా కూడా కావచ్చు. 1514లో రాయలవారు తిరుమలలో 30,000 వరహాలతో కనకాభిషేకం చేశారు కదా, ఈ నేలలో వరహా అనగానే జనం నమ్మేస్తారు. మోసగాళ్లకు కావలసిందీ అదే. శ్రీరామ పట్టాభిషేకం ఉన్న ‘రామటెంకి’ డబ్బు కాదు, పూజకు పెట్టుకునే బిళ్ల. 1818 అని వేసి హనుమంతుడు ఉన్న కుంఫిణీ నాణెం అసలు ముద్రించనే లేదు. బియ్యం లాగుతుందని చెప్పే రైస్ పుల్లింగ్ నాణెం గురించి మాట్లాడటం కూడా దండగ.

నిజంగా దొరికితే తవ్వడం అక్కడితో ఆపాలి. ఇంకో నాలుగు ఉంటాయేమో అన్న ఆశ అప్పుడే పుడుతుంది. ఫోన్‌లో స్థలం, లోతు, చుట్టూ ఉన్న పెంకులు ఫొటో తీయండి. చరిత్ర రాసేవాళ్లకు నాణెం కంటే అది ఉన్న చోటే ఎక్కువ చెబుతుంది. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించి విలువైనది నేలలో దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి: ఏం దొరికింది, ఎంత, ఎక్కడ, ఎప్పుడు. వస్తువును ట్రెజరీలో అప్పగించాలి, లేదా హామీ ఇవ్వాలి. 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి వేరే జిల్లా అయింది కాబట్టి ఏ కలెక్టరుకు రాయాలో పొలాన్ని బట్టి చూసుకోండి. దాచిపెడితే మీకు రావలసిన వాటా పోతుంది, పైగా ఏడాది వరకు జైలు ఉండొచ్చు. సొంతదారు తేలకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు, దొరికినవాడికి నాలుగింట మూడు వంతులు, నేల యజమానికి మిగిలిన ఒక వంతు అని చట్టంలోనే ఉంది. కుదువ కొట్టుకు పట్టుకుపోతే మూసలో కరిగిపోవడమే.

ఒకసారి ఒక ఊళ్లో నాకు దొరికింది తుప్పు పట్టిన బండి ఇరుసు ముక్క. దూరం నుంచి చూసినవాళ్లు సాయంత్రానికల్లా లంకెబిందె అనేశారు. మర్నాడు ఆ రైతు చేలో మూడు చోట్ల నిలువెత్తు గుంటలు. ‘ఏం సార్, నా చేను ఇట్ల చేసినారే’ అని ఆయన అన్నమాట ఇంకా గుర్తుంది. అప్పటినుంచి దొరికిన ప్రతి లాడాన్ని, ప్రతి మూతను గట్టు మీద వరుసగా పెట్టి, చూడటానికి వచ్చిన పిల్లలకు చూపించి, గుంట పూడ్చాకే బండి ఎక్కుతున్నాను.